పుంగనూరు నాటకాల హాల్లో వన్స్ మోర్

నేను బస్సు కండక్టర్ని. పంతొమ్మిదేళ్లుగా మదనపల్లె–కుప్పం రూటులో తిరుగుతున్నాను. "పాసు ఇంట్లో మర్చిపోయినానక్కా", "పిల్లోడికి ఇంకా ఐదేండ్లు నిండలేదు", "ఇప్పుడే గదా ఎక్కినా, ముందు స్టాపులో"... పొద్దున లేస్తే ఇవే. అబద్ధమాడే మనిషి కళ్లు ఎటు పోతాయో నాకు బాగా తెలుసు. అందుకే ముందే చెప్తున్నాను. నా కళ్లలోకి చూస్తూ వినండి. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు. మా నాయన మీద ఒట్టు.

ఒట్టు తప్పితే ఆయనకేమన్నా అవుతుందేమో అన్న భయం కూడా నాకు లేదు. అవ్వాల్సింది అయిపోయింది.

దయ్యాలూ భూతాలూ నమ్మే రకం కాదు నేను. రామకుప్పం దగ్గర ఒక రాత్రి ఏనుగులు రోడ్డుకు అడ్డం నిలబడితే లైట్లు ఆర్పేసి రెండు గంటలు బస్సులోనే ఉన్నాం. జనం తెలిసిన దేవుళ్లందరినీ పిలుస్తుంటే, నేను సీట్లో కూర్చుని మధ్యాహ్నం మిగిలిన సంగటి తిన్నాను. డ్రైవరు "నీకు గుండె ఉండాదా లేదా రత్నమ్మా?" అన్నాడు. అలాంటిదాన్ని... ఇప్పుడు పొద్దు గూకితే నా ఇంట్లో నాకే భయం.

మా నాయన పేరు గురప్ప. పుంగనూరు పాతవాళ్లను గురప్ప అని అడిగితే ఏ గురప్ప అంటారు. "గుంతలో గురప్ప" అంటే మాత్రం టక్కున చెప్తారు. నాటకాలాడే వాళ్లకు మాట అందించేవాడు ఆయన. ప్రాంప్టర్. మిగతా ఊళ్లలో ప్రాంప్టరు తెర పక్కన నిలబడి పుస్తకం చూసి అందిస్తాడు. పుంగనూరు హాల్లో అట్లా కాదు. స్టేజీ ముందు అంచులో ఒక గుంత ఉండేది. మనిషి అందులో కూర్చుంటే తల మాత్రం స్టేజీ మట్టానికి వస్తుంది. జనం వైపు చెక్కతో చేసిన గూడు అడ్డం ఉంటుంది. ఆయన ఎవరికీ కనపడడు. గొంతు కూడా స్టేజీ మీదికే పోతుంది గానీ జనంలోకి రాదు.

ఆ గుంత ఇటలీ నుంచి వచ్చింది. నవ్వకండి, నిజంగానే.

హాలు కట్టించింది మిలిటరీ మునెంకటప్ప అనే ఆయన. పెద్ద యుద్ధంలో లారీ డ్రైవరుగా ఇటలీ దాకా పోయి వచ్చాడు. నాకు ఏడెనిమిదేళ్లప్పటికే బాగా ముసలాయన. సాయంత్రమైతే హాలు మెట్ల మీద కూర్చుని, దొరికినవాళ్లను పట్టుకుని ఒకటే కథ చెప్పేవాడు. పెద్దవాళ్లు తప్పించుకుపోయేవాళ్లు. దొరికేది నేనే.

"నేపుల్స్ అని ఒగ ఊరమ్మే. ఆడ రాజు కోటని ఆనుకోనే ఒగ హాలు కట్టిచ్చినాడు. ఆపెరా అంటారు. ఆటంతా పాటే. మన పద్యాల నాటకం మాదిరే అనుకో. పావురాళ్ల గూండ్ల మాదిరి సుట్టూరా గదులు, అంతస్తు మీద అంతస్తు. రెండు నూర్ల ఏండ్ల నాటిది. నడాన ఒగ రాత్రి నిప్పంటుకోని మొత్తం బూడిదైపోయింది. అప్పుటి రాజు ఏమన్జేసినాడు? ఏడాది తిరక్కముందే మళ్లీ కట్టిచ్చినాడు. సూడు, రాజంటే ఆయప్ప!"

తర్వాత యుద్ధంలో దాని మీద బాంబులు పడ్డాయట. వీళ్ల మిలిటరీ ఊళ్లోకి పోయేసరికి ముందు భాగం దెబ్బతిని ఉంది. సైనికులే పెళ్లలూ దుమ్మూ ఎత్తిపోసి, బాగుచేసి, మళ్లీ పాటలు పెట్టించారట. "నేనూ పోయినా. ఒగ ముక్క అర్తం కాలా. కూసోని ఏడ్సినా" అనేవాడు. ఊరికి తిరిగొచ్చాక ఉన్న పొలమంతా అమ్మి, పుంగనూరులో ఒక్క అంతస్తు గూళ్లతో, ముందు గుంతతో, తనకు గుర్తున్నట్టు హాలు కట్టాడు.

ఆ కథలో ఇంకొక ముక్క ఉంది. దాన్ని గొంతు తగ్గించి చెప్పేవాడు.

"మొదట మేం టార్చిలైట్లు ఏసుకోని లోపలికి పోయినాం గదా... ఒగ నరపురుగు లేదు. కుర్చీల మీద జానెడు దుమ్ము. స్టేజీ ముందర గుంతలోంచి మాత్రం మనిషి మాట ఇనపడతా ఉండాది. ఎవురో ముసలాయన. ఖాళీ స్టేజీకి మాట అందిస్తాండాడు. ఒగ మాట చెప్పేది... ఆగేది... మళ్లీ అదే మాట. భాష తెలిసినోడు అడిగితే ఏమన్నాడో తెలుసునా? 'ఆట నడాన బాంబు పడింది. ఆట ఇంగా అయిపోలా' అన్న్యాడంట."

"మరి బయటికెట్ల తెచ్చినారు తాతా?"

"పాటగాళ్లని పిల్చకొచ్చి మిగిలిందంతా పాడిచ్చినారు. తెర పడినాక ఆయప్పే లేసొచ్చినాడు. ఆటని నడాన ఇడిసిపెట్టి పోగూడదమ్మే. యాడైనా అంతే."

నిజమో, ఆయన అల్లిందో నాకు తెలియదు. కానీ ఆ హాల్లో అదే చట్టం. వానొచ్చినా, కరెంటు పోయినా, వేషగాళ్లు తాగి కొట్టుకున్నా, మంగళం పాడనిదే ఎవరూ హాలు దిగకూడదు. మంగళం పాడితేనే ఆట అయిపోయినట్టు. ఒకసారి గాలివానకు పైరేకులు లేచిపోతే జనమంతా పారిపోయారు, వేషగాళ్లు పారిపోయారు. మా నాయన ఒక్కడే తడుస్తూ గుంతలో నిలబడి మంగళం పాడి ఇంటికొచ్చాడు. మా అమ్మ తల తుడుస్తూ ఎంత తిట్టిందో!

ఆ హాలుకు సొంత నాటకం ఒకటి ఉండేది. ఊళ్లో ఒక బడిపంతులు రాసింది. అచ్చు కూడా కాలేదు. కరువులో రాజ్యం పోగొట్టుకున్న రాజు, దారిలో తప్పిపోయిన కూతురి కోసం వెతికి వెతికి చూపు పోగొట్టుకుంటాడు. చివరికి ఒక సత్రంలో చావుబతుకుల్లో ఉండగా ఆ కూతురు వస్తుంది. అడుగుల చప్పుడు విని గుర్తుపట్టి పద్యం ఎత్తుకుంటాడు.

"వచ్చితివా తల్లీ... ఇంత పొద్దుపోయి వచ్చితివా... దీపమారిన ఇంటికి దారి యెటుల దెలిసె?"

పద్యం చివర రాజు చచ్చిపోతాడు. అంతే, హాలు హాలంతా "వన్స్ మోర్!" అని అరుపులు. చచ్చిన రాజు లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, మళ్లీ పాడి మళ్లీ చచ్చేవాడు. మళ్లీ వన్స్ మోర్. ఒక్కో రాత్రి నాలుగైదు చావులు. పాడినప్పుడల్లా గుంతలోంచి మా నాయన మొదటి మాట మళ్లీ అందించాల్సిందే. ఇంటికొచ్చి తిట్టుకునేవాడు.

"సచ్చినోణ్ణి సచ్చేదానికి గూడా ఇడిసిపెట్టరు గదమ్మా ఈ జనం."

నేను నేల క్లాసులో ముందు వరసలో కూర్చునేదాన్ని. అందరికంటే గట్టిగా వన్స్ మోర్ అని అరిచేది నేనే. కండక్టర్ గొంతు అప్పటి నుంచే.

సరే... అదంతా పోయింది. మునెంకటప్ప పోయాడు. నాటకాలు పోయాయి. హాలు చింతపండు గోడౌన్ అయింది. నాటకం పుస్తకాన్ని చెదలు తినేశాయి. నేను చెప్పబోయే రాత్రికి పద్నాలుగు నెలల ముందు మా నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట... మూడూ ఒక్క రాత్రిలో పోయాయి. మదనపల్లె ఇంట్లో మేమిద్దరమే. నేను డ్యూటీకి పోతే పక్కింటి రహమతమ్మ చూసుకుంటుంది. నేను రాగానే ఎడం చేత్తో నా మణికట్టు పట్టుకునేవాడు. నోరు తెరిచేవాడు... "ర..." అని కూడా రాదు. ఊరందరికీ మాట అందించిన మనిషికి మాట అందించే దిక్కు లేదు.

నాకు ఇంకేమీ వద్దు. ఆయన లేచి నడవక్కర్లేదు. ఒక్కసారి "రత్నా" అంటే చాలు. దానికోసమే ఎదురుచూశాను.

కుప్పం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. "మాట పోయినవాళ్లలో కొందరు పాట పాడగలరమ్మా. ఆయనకు బాగా అలవాటైన పాటలు వినిపించు." ఎన్ని వినిపించానో! పద్యాలు నేనే పాడాను. వంటింట్లో పాడాను, స్నానం చేయిస్తూ పాడాను. ఆయన కంట్లో నీళ్లు తప్ప గొంతులోంచి ఏమీ రాలేదు.

అట్లాంటప్పుడు బాషా ఫోన్ చేశాడు. పుంగనూరు బస్టాండులో ఆటో తోలుతాడు. వాళ్ల నాయన మా హాలుకు తెరలు రాసిన పెయింటరు.

"అక్కా, హాలు అమ్మేసినారంట. రేపు పొద్దున్నే కూలగొడతారు. జేసీబీ వచ్చి నిలబడి ఉండాది."

"రేపే హాలు కూలగొడతారా?" అన్నాను గట్టిగా. మంచం మీద మా నాయన తల తిప్పాడు. ఎడం చెయ్యి లేపి ట్రంకుపెట్టె వైపు చూపించాడు. తెరిచాను. బట్టల కింద ఆయన పాత టార్చి. గుంతలో పుస్తకం మీద వేసుకునేది. దాన్ని గుండెలకు పెట్టుకుని నా వైపు చూశాడు. ఏం కావాలో చెప్పడానికి మాట అక్కర్లేదు కదా.

పాట వస్తే అక్కడే వస్తుంది అనుకున్నాను. నా ఆశ నాది.

ఆ రోజు డ్యూటీ దిగేసరికి ఏడున్నర. నాయనను తీసుకుని బాషా ఆటోలో రాత్రి ఎనిమిదిన్నరకు పుంగనూరు చేరాం. బాషా గోడౌన్ కాపలాదారును బతిమాలి తాళంచెవి తెచ్చాడు. హాలు ముందు జేసీబీ తల వంచుకుని నిలబడి ఉంది. కరెంటు అప్పటికే పీకేశారు. తలుపు తెరవగానే గుప్పున చింతపండు వాసన. ఫోన్ లైటు వేశాను. ఖాళీ హాలు. పైన గూళ్లు... ఒకవైపు మూడు, ఒకవైపు మూడు, నడుమ ఒకటి. నేలంతా, స్టేజీ మీద కూడా, చింతపిక్కలు. అడుగేస్తే కరకర... కరకర...

బాషా మా నాయనను ఎత్తుకుని స్టేజీ కింది చిన్న తలుపులోంచి గుంతలోకి దించాడు. పాత స్టూలు అక్కడే ఉంది. దిండు పెట్టి కూర్చోబెట్టాం. టార్చిలో కొత్త బ్యాటరీలు వేసి ఎడం చేతిలో పెట్టాను. ఆయన ముఖం... ఎట్లా చెప్పేది? సొంతింటికి వచ్చిన మనిషి ముఖం.

"అక్కా, నమాజుకు టైమైంది. మసీదు ఈడనే. పావుగంటలో వచ్చేస్తా. భయం లేదు గదా?" అన్నాడు బాషా.

"నేనెవురనుకున్నావప్పా? పో" అన్నాను.

అతను పోయాడు. గుంతలో ఇద్దరికి చోటుండదు. నేను ముందుకొచ్చి చిన్నప్పుడు కూర్చున్న చోటే, నేల మీద పిక్కలు పక్కకు తోసి కూర్చున్నాను. గూడు అడ్డం. నాయన కనపడడు. టార్చి వెలుగు మాత్రం స్టేజీ చెక్కల మీద సన్నగా పడుతోంది. ఫోన్ లైటు ఆర్పేశాను. ఎందుకు ఆర్పానో... నాటకం మొదలయ్యే ముందు లైట్లు ఆర్పుతారు కదా. అలవాటు.

నిశ్శబ్దం. బయట ఒక లారీ పోయింది. జనం లేని హాలు, గుంతలో ఊపిరి కూడా వినపడేంత నిశ్శబ్దం.

అప్పుడొక చప్పుడు. సర్... మని. కాసేపాగి మళ్లీ... సర్...

కాగితం తిప్పిన చప్పుడు.

పుస్తకం లేదు. చెదలు తినేసింది అని చెప్పాను కదా. దిండుకో, పంచెకో చెయ్యి రాసుకుని ఉంటుంది అనుకున్నాను. ఇప్పుడూ అట్లాగే అనుకోవాలని చూస్తాను. తర్వాత గొంతు సవరించుకోవడం వినపడింది. అది మా నాయన అలవాటే. అందించే ముందు రెండుసార్లు సన్నగా దగ్గుతాడు.

ఆ తర్వాత...

"వచ్చితివా తల్లీ..."

మా నాయన గొంతు! తడబాటు లేదు. నత్తి లేదు. ముప్పై ఏళ్ల కిందటి గొంతు. "ఇంత పొద్దుపోయి వచ్చితివా..."

నాకు తెలుసు, అది నాటకంలో మాట. స్టేజీకి అందించే మాట. నాతో అంటున్నది కాదు. తెలిసినా సరే, దాన్ని నేనే తీసుకున్నాను. పద్నాలుగు నెలల తర్వాత మా నాయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట "తల్లీ". నాది కాకపోతే ఎవరిది? ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, చప్పట్లు కొడుతున్నాను. ఇంకొక్కసారి వినాలి. ఒక్కసారంటే ఒక్కసారి. నోటికి ఏ మాట వస్తుంది చెప్పండి, ఆ హాల్లో పెరిగినదానికి?

"వన్స్ మోర్!" అని అరిచాను.

హాలంతా మోగింది. ఆగిపోయింది. గుంతలో రెండు దగ్గులు. ఎప్పటిలాగే.

"వచ్చితివా తల్లీ..."

ఈసారి మాట అయిపోగానే ఆయన ఆగాడు. ప్రాంప్టరు అట్లాగే ఆగుతాడు. మాట అందించి, పాడేవాడికి చోటిచ్చి, ఆగుతాడు. ఆ చోటులో...

కర.

స్టేజీ మీద. చింతపిక్క నలిగిన చప్పుడు.

ఎలుక, అనుకున్నాను. గోడౌన్ కదా, ఎలుకలుండవా?

కర... కర...

ఎలుక ఉరుకుతుంది. ఇది ఉరకడం లేదు. ఒక కాలు మోపి, బరువు దాని మీదికి తెచ్చి, ఆలోచించి, రెండో కాలు మోపినట్టు. చూపులేని మనిషి నడక. టార్చి వెలుగు పడినంత మేరా ఖాళీ చెక్కలే. చప్పుడు ఆ వెలుగుకు కొంచెం అవతల ఆగింది. ఆ తర్వాత ఊపిరి. పద్యం ఎత్తుకునే ముందు పొట్ట నిండా పీల్చుకుంటారే... ఆ ఊపిరి.

పాట వినపడలేదు. అబద్ధం చెప్పను. పాట నాకు వినపడలేదు. కానీ పద్యం ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆ నిశ్శబ్దం సాగింది. నాకు ఆ పద్యం నిద్రలో కూడా వస్తుంది. మనసులో ఒక్కొక్క ముక్కా పాడుకున్నాను. చివరి అక్షరం దగ్గర స్టేజీ మీద ఏదో మెత్తగా కూలబడింది. చిన్న దుమ్ము వాసన.

అప్పుడు నా వెనక, పైన, ఎడమవైపు గూట్లోంచి...

"వన్స్ మోర్."

అరుపు కాదు. మామూలు మాట. అలిసిపోయిన మగమనిషి గొంతు. టికెట్ అడిగినట్టు అడిగాడు.

నా మెడ తిరగలేదు. తిప్పాలనుకున్నాను, తిరగలేదు. గుంతలో రెండు దగ్గులు. "వచ్చితివా తల్లీ..." ఆయన గొంతు ఈసారి కొంచెం బొంగురుపోయింది. మళ్లీ ఆ చోటు. పిక్కలు. ఊపిరి. కూలబడటం. ఈసారి కుడివైపు నుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి...

"వన్స్ మోర్." "వన్స్ మోర్."

లేచాను. ఎట్లా లేచానో తెలియదు. స్టేజీ కింది తలుపు దగ్గరికి పాక్కుంటూ పోయాను. లోపల మా నాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. దిండు కింద పడిపోయి ఉంది. ఎడం చేతిలో టార్చి. కుడి చెయ్యి... పద్నాలుగు నెలలుగా కట్టెలా పడి ఉన్న కుడి చెయ్యి... పైకి లేచి ఉంది. వేళ్లు గాల్లో కాగితం అంచు పట్టుకున్నట్టున్నాయి.

"నాయనా" అన్నాను.

నా వైపు తిరగలేదు. ఆ కుడి చేతి చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఆట జరుగుతుంటే మాట్లాడకూడదని చిన్నప్పుడు నాకు చూపించేవాడే, అట్లాగే. కళ్లు స్టేజీ మీదే ఉన్నాయి. అక్కడ ఎవరినో చూస్తున్నాడు.

నేను స్టేజీ వైపు చూడలేదు. ఇది దాచకుండా చెప్తున్నాను. ఆయన భుజం మీదుగా తల కొంచెం ఎత్తితే చాలు, కనపడేది. ఎత్తలేదు. ఏనుగుల ముందు సంగటి తిన్న రత్నమ్మ తల ఎత్తలేకపోయింది.

"అక్కా! అక్కా!" బాషా గొంతు. పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇద్దరం నాయనను పట్టుకుని లాగాం. ఆయన రాలేదు. స్టేజీ అంచు పట్టుకున్నాడు, రెండు చేతులతో. ఒక్కొక్క వేలూ నేనే ఊడదీశాను. ఊడదీస్తుంటే ఆయన గొంతులోంచి వచ్చిన చప్పుడు మీకు చెప్పలేను. గుమ్మం దాటగానే కుడి చెయ్యి మళ్లీ కట్టె అయిపోయింది.

ఆటో పుంగనూరు దాటి మదనపల్లె రోడ్డెక్కాక బాషా అడిగాడు. "లోపల ఎంతమంది ఉండారక్కా?"

"యాల అడగతావు?"

"నమాజు చేసుకోని వస్తాంటే చప్పట్లు ఇనపడినాయి. శానామంది చప్పట్లు. హార్మోనీ గూడా. పాతోళ్లు ఎవురన్నా వచ్చినారేమో అనుకున్నా."

నాకు హార్మోనియం వినపడలేదు. చప్పట్లు నావి తప్ప వినపడలేదు. అతను విన్నది నేను వినలేదు, నేను విన్నది అతను వినలేదు. మా నాయన నా ఒళ్లో తల పెట్టుకుని పెదాలు కదుపుతున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది.

మంగళం పాడలేదు.

"బాషా, ఆటో ఆపు" అన్నాను. ఆపాడు. వెనక్కి తిప్పమని అనాలి. నోరు రాలేదు. అతను అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. "పోదామా అక్కా?" అని అడిగాడు పాపం. అతనికీ భయమే, అయినా అడిగాడు. నేనే అన్నాను, "పొద్దున్నే వద్దాంలే. వెలుతుర్లో వచ్చి పాడి పోదాం."

ఆ ఒక్క మాట. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే...

పొద్దున మొదటి బస్సులో ఆయనను తీసుకుని పోయాను. మేం దిగేసరికి స్టేజీ లేదు. గుంత లేదు. ఆరింటికే మొదలుపెట్టారట. జేసీబీ పైన నడుమ ఉన్న గూడును లాగుతోంది. ఆ దుమ్ములో నిలబడి, మా నాయనను చక్రాల కుర్చీలో పక్కన పెట్టుకుని, గొంతు చించుకుని మంగళం పాడాను. కూలీలు పని ఆపి చూశారు. ఒకడు నవ్వాడు. మా నాయన నా వైపు చూశాడు... తప్పు చోట తప్పు పద్యం ఎత్తుకున్న వేషగాడి వైపు ఎట్లా చూస్తాడో అట్లా చూశాడు. తల అడ్డంగా ఊపి, రెండుసార్లు దగ్గి,

"వచ్చితివా తల్లీ..."

ఆ రోజు నుంచి అదే. ఆయనకు మాట వచ్చింది. ఆ ఒక్క మాటే. పొద్దు గూకగానే మొదలవుతుంది. చెప్తాడు, పద్యం పట్టేంతసేపు ఆగుతాడు, మళ్లీ చెప్తాడు. తెల్లారేదాకా. ఇప్పుడు నేను డ్యూటీ నుంచి వస్తే మణికట్టు పట్టుకోడు. నన్ను చూసినప్పుడు ఆయన కళ్లు నా వెనక ఎక్కడో ఉంటాయి. ఇదివరకు మాట లేదు గానీ నేనెవరో తెలుసు. ఇప్పుడు మాట ఉంది, నేను లేను. నేను కోరుకుంది మాటే కదా!

డాక్టరమ్మ మళ్లీ స్కానింగ్ తీయించింది. మెదడులో ఇంకొక చోట రక్తం గడ్డకట్టిందట. "కొందరు ఒకే మాట పట్టుకుని తిరుగుతుంటారమ్మా. ఆ రాత్రి శ్రమకు వచ్చి ఉంటుంది" అంది. అయి ఉండొచ్చు. ఎలుకలు అయి ఉండొచ్చు. పద్నాలుగు నెలల నిద్రలేమికి నా చెవులే నన్ను మోసం చేసి ఉండొచ్చు. బాషా విన్న చప్పట్లకు కూడా ఏదో ఒకటి దొరుకుతుంది, వెతికితే. నేను ఎన్ని రకాలుగా చెప్పుకున్నానో మీకేం తెలుసు?

నేపుల్స్‌లో అయితే హాలు నిలబడింది. కాలితే రాజు కట్టించాడు, కూలితే సైనికులు బాగుచేశారు. పాటగాళ్లను పిలిచి మిగిలిన ఆట పాడించారు, ఆ ముసలాయన లేచొచ్చాడు. మాకు రాజు లేడు. అక్కడిప్పుడు చదును చేసిన నేల, చుట్టూ రేకుల కంచె. వెనక్కి పోయి పాడటానికి చోటే లేదు.

చివరగా ఒక్కటి చెప్పి ఆపేస్తాను. పోయిన అమావాస్యకు ఇక నావల్ల కాలేదు. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "వచ్చితివా తల్లీ" అని ఆయన అందించాడు. ఆగాడు. ఆ చోటులో... నేనే పాడాను. రాజు వేషం నేనే వేశాను అనుకోండి. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఒక్కటి తప్పకుండా. ఆయన వింటున్నాడు. ముఖం మెత్తబడింది. కంట్లోంచి ఒక చుక్క జారింది. పద్యం ముగించి, ఆ వెంటనే మెల్లగా మంగళం ఎత్తుకున్నాను. ఆయన అడ్డం చెప్పలేదు. కళ్లు మూసుకున్నాడు. నెలల తర్వాత మొదటిసారి మా ఇంట్లో రాత్రి పూట నిశ్శబ్దం. అయిపోయింది, అనుకున్నాను. ఇక ఆయనను ఎవరూ లేపకపోతే చాలు దేవుడా, పోనీ, ఇట్లాగే పోయినా సరే అని దండం పెట్టుకున్నాను. మా నాయన చావాలని దండం పెట్టుకున్నాను, అవును.

నేను నోరు తెరవలేదు. బాషా మీద ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు, నేను వన్స్ మోర్ అనలేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

మా నాయన కళ్లు తెరిచి పైకి, అటక వైపు చూశాడు. ఎవరో పిలిస్తే చూసినట్టు. "సరే" అన్నట్టు అలిసిపోయిన తల ఒకసారి ఊపాడు.

రెండుసార్లు దగ్గాడు.

"వచ్చితివా తల్లీ..."